రోహిణి కార్తె లాక్‌డౌన్‌లో డాబా మీద ఆకుకూరలు, ఇంట్లో పాత చీరల బొంత

కరోనా లాక్‌డౌన్ వల్ల తెలంగాణలో 2021 మే 12 నుంచి దుకాణాలు ఉదయం 6 నుంచి 10 దాకానే తెరిచేవారు. ఆంధ్రప్రదేశ్‌లో మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ ఉండేది. ఆ కాస్త సమయంలో పాలు, మందులు తెచ్చుకోవడమే గగనంగా ఉన్నప్పుడు నర్సరీకి వెళ్ళి కోకోపీటు (కొబ్బరి పొట్టు), గ్రోబ్యాగులు (మొక్కలు పెంచే సంచులు) మోసుకురావడం ఎవరివల్లా కాలేదు. తేనక్కర్లేదు కూడా. పోపుల డబ్బాలో మెంతులున్నాయి, కూరల సంచీలో పుదీనా కాడలున్నాయి, బీరువా అడుగున పాత నూలు చీరలున్నాయి. ఈ ఎండల్లో వీటితో ఏది అవుతుందో, ఎంత చాకిరీ చేసినా ఏది అవదో ముందే తెలుసుకుంటే చాలు.

అంతకు ముందేడు, 2020లో సరిగ్గా ఉగాది నాడు, మార్చి 25న, దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. ఆ ఉత్సాహంలో చాలామంది డాబా మీద టమాటా, కొత్తిమీర, పాలకూర వేశారు. ఈ ఎండల్లో వేయకూడనివి సరిగ్గా అవే. టమాటా మొక్క పెరుగుతుంది, పూస్తుంది కూడా. కానీ పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా వేడి తగ్గకపోతే పుప్పొడి పనిచేయదు, పూత కాడతో సహా రాలిపోతుంది. ఎరువు వేసినా, నీళ్ళు పెంచినా నిలవదు. కొత్తిమీర మొలవడానికే రెండు వారాలు తీసుకుని, నాలుగు ఆకులు వేయగానే పూతకు తిరుగుతుంది. పాలకూర ఆకు చేదెక్కుతుంది. ఈ మూడింటినీ వానలు తగ్గి చల్లబడేదాకా పక్కన పెట్టడమే మంచిది. రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో మొదలవుతుంది, జూన్ 8 ప్రాంతంలో మృగశిర. రోళ్ళు పగిలే ఈ ఎండలకు తట్టుకునేవి వేరే ఉన్నాయి: తోటకూర, బచ్చలి, గంగవాయిలి, పొన్నగంటి, గోంగూర. కాస్త నీడ చూపిస్తే పుదీనా, మెంతికూర కూడా.

ముందు మట్టి సంగతి. విత్తనం గురించి పడే బెంగలో సగం మట్టి మీద పెడితే పంట దానంతటదే వస్తుంది. కొత్త మట్టి దొరకకపోతే ఎండిపోయిన పాత కుండీల మట్టినే వాడుకోవాలి. దాన్ని పట్టా మీద బోర్లించి గడ్డలు చిదిపి, పాత వేళ్ళు ఏరేయాలి. వేళ్ళ మీద ఆవగింజంత బుడిపెలు కనిపిస్తే అది నులిపురుగు. ఆ మట్టిని వేరుగా ఉంచాలి. అలాంటి మట్టిని కాస్త తడిపి, రెండంగుళాల మందాన పరిచి, పైన పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు కప్పి అంచుల మీద ఇటుకలు పెట్టి మూడు వారాలు ఎండలో వదిలేయాలి. నల్ల షీటు కన్నా ఈ పారదర్శకమైన షీటే నయం, వేడి నేరుగా మట్టిలోకి దిగుతుంది. మే ఎండకు నులిపురుగు చాలామటుకు తగ్గుతుంది, శిలీంధ్రాలూ కలుపు గింజలూ చస్తాయి. ఈ పనికి ఇంతకు మించిన నెల లేదు. మంచిగా ఉన్న మట్టికి రెండు రోజుల ఎండ చాలు.

కుండీల్లో నింపే మిశ్రమానికి మూడు పాళ్ళు మట్టి, ఒక పాలు చివికిన పశువుల ఎరువో ఇంటి కంపోస్టో, ఒక పాలు ఇసుక. ఇసుక లేకపోతే కొబ్బరి పీచును వేలెడంత ముక్కలు కత్తిరించి, రెండుమూడు సార్లు నీళ్ళు మార్చి నానబెట్టి, ఎర్రనీళ్ళు పోయాక కలపాలి. కడగకుండా కలిపితే ఆ ఉప్పు, వగరు లేత వేళ్ళను ఎదగనివ్వవు.

ఆకుకూరకు లోతు అక్కర్లేదు, వెడల్పు కావాలి. ఆరంగుళాల లోతు ఉన్న టబ్బు, పగిలిన ప్లాస్టిక్ డ్రమ్ము అడుగు, పళ్ళ ట్రే, ఏదైనా సరే. పెయింటు బకెట్లు బచ్చలికి, గోంగూరకు ఉంచుకోండి. అడుగున చిటికెన వేలు పట్టే రంధ్రాలు అయిదారు చేయాలి. మేకు కాల్చి గుచ్చితే బకెట్ పగలదు. బియ్యం సంచులు పనికొస్తాయి గానీ ఎండకు కొన్ని నెలల్లోనే పీచుపీచుగా రాలిపోతాయి, వాటిలో దీర్ఘకాలపు మొక్కలు పెట్టకండి. 20 లీటర్ల బకెట్ నిండా తడిమట్టి ఉంటే 30 కిలోల పైమాటే. వాటిని స్లాబు నడిమధ్యన గుంపుగా కాకుండా గోడల వెంబడి, దూలాల మీదుగా వరసగా పెట్టాలి. కింద రెండేసి ఇటుకలు ఉండాలి. ఇటుకలు లేకపోతే మధ్యాహ్నం కాలిన స్లాబు వేడి నేరుగా వేళ్ళకు తగులుతుంది, కారిన నీళ్ళు అక్కడే నిలిచి స్లాబుకు చెమ్మ పడుతుంది.

మెంతులతో మొదలుపెడదాం. పది గింజలు తడిగుడ్డలో చుట్టి ఉంచితే రెండో రోజుకు మొలక కనిపించాలి. అయిదుకు తక్కువ మొలిస్తే అవి పాతవి. పోపుకు వాడుకోండి, లేదా రెట్టింపు చల్లండి. అడుగు చదరపు ట్రేకు రెండు టీస్పూన్ల మెంతులు సరిపోతాయి. రాత్రంతా నానబెట్టి, వడకట్టి, తడిపిన మట్టి మీద గింజ గింజకూ అగ్గిపుల్ల తలంత ఎడం ఉండేలా చల్లి, పైన అర సెంటీమీటరు మట్టి. ఆ పైన తడి గోనెపట్టా. రెండో రోజు నుంచి పొద్దునా సాయంత్రమూ పట్టా ఎత్తి చూడాలి. మొలక మట్టిని పైకి నెడుతూ పగుళ్ళు కనిపించగానే పట్టా తీసేయాలి. ఒక్క రోజు ఆలస్యమైనా మొలకలు తెల్లగా, సన్నగా సాగి ఒరిగిపోతాయి, తర్వాత ఎండ చూపించినా నిలబడవు.

మెంతిలో ఎక్కువమందికి ఎదురయ్యేది, అయిదారు రోజులప్పుడు మొదలు దగ్గర నీరుకారినట్టయి, నల్లబడి మొలకలు గుంపులుగా పడిపోవడం. మరీ ఒత్తుగా చల్లడం, రాత్రంతా తడి నిలిచేలా సాయంత్రం పైనుంచి నీళ్ళు పోయడం, ఈ రెండూ కలిస్తే వస్తుంది. పడిపోయినచోట మొలకలతో పాటు మట్టిని కూడా పిడికెడు తీసి పారేయాలి. మిగిలినచోట పొడి ఇసుక పల్చగా చల్లి, ఇక మీదట ట్రేను నీళ్ళ పళ్ళెంలో పది నిమిషాలు ఉంచి అడుగు నుంచే తడి ఎక్కనివ్వాలి. తూర్పు ఎండ 9 దాకా తగిలే బాల్కనీ దీనికి మేలు. 18 నుంచి 20 రోజులకు వేళ్ళతో సహా పీకేయడమే. కోసి వదిలితే చలికాలంలో మళ్ళీ చిగురిస్తుంది గానీ ఈ వేడికి రెండో కోత ముదిరి చేదు తప్ప ఏమీ మిగలదు.

తోటకూర గింజ ఆవగింజలో సగం కూడా ఉండదు. అర టీస్పూను గింజల్ని గుప్పెడు పొడి ఇసుకలో కలిపి చల్లితే సమంగా పడతాయి. ఇసుకకు బదులు రవ్వ కలపమని అక్కడక్కడా చెబుతుంటారు. వద్దు. రవ్వ కోసం వచ్చిన చీమలు గింజల్ని కూడా మోసుకుపోతాయి. అసలు తోటకూర మొలవలేదంటే తరచూ కారణం చీమలే. ట్రేను నాలుగు ఇటుక ముక్కల మీద నిలబెట్టి, ఆ ముక్కల్ని నీళ్ళ మూతల్లో పెడితే చీమలు ఎక్కలేవు; ఆ నీళ్ళు రోజు విడిచి రోజు పారబోయాలి, లేకపోతే డెంగీ దోమకు మనమే పురుడు పోసినట్టు. గింజ మీద మట్టి కప్పకుండా అరచేత్తో అద్దితే చాలు. నాలుగైదు రోజులకు మొలుస్తుంది, 25 రోజులకు కూర. విత్తనం లేనివారు ఇంట్లో రాజ్‌గిరా గింజలుంటే చూడండి, వేయించనివైతే మొలుస్తాయి. అదీ తోటకూర జాతే, ఆకు తినొచ్చు.

ఇక కాడలు. రైతుబజారు కట్టలో పుదీనా తెచ్చిన రోజే నాలుగైదు కాడలు పక్కన తీయాలి. ఫ్రిజ్‌లో రెండు రోజులున్న కాడ నీళ్ళలో పెడితే వేరు రాకుండానే నల్లబడొచ్చు. అగ్గిపుల్ల కన్నా లావైన, గట్టి కాడ చూసి, అయిదంగుళాల పొడవున, కణుపుకు సరిగ్గా కింద కత్తెరతో కోయాలి. వేరు కణుపు నుంచే వస్తుంది, రెండు కణుపుల మధ్యన కోసిన తోక ఊరికే కుళ్ళి నీళ్ళను పాడు చేస్తుంది. కింది రెండు కణుపుల ఆకులు గిల్లేసి, చివర మాత్రం నాలుగు ఆకులుంచి గాజు గ్లాసులో పెట్టాలి. ఆకు నీళ్ళలో మునగకూడదు. ఈ వేడికి నీళ్ళు రోజూ మార్చాలి. మూడో రోజుకు కణుపు చుట్టూ ముత్యపు రంగు చుక్కలు లేస్తాయి, వారానికి అవే అంగుళం పొడవున తెల్ల వేళ్ళవుతాయి. అప్పుడే మట్టిలోకి మార్చేయాలి. నీళ్ళలోనే ఇంకా వదిలేస్తే వేళ్ళు జడలు కట్టి, మట్టిలో దించేటప్పుడు పుటుక్కున విరుగుతాయి. పుదీనా పక్కకు పాకే మొక్క, కాబట్టి లోతు కన్నా వెడల్పున్న కుండీ. మధ్యాహ్నపు ఎండ అస్సలు వద్దు. మట్టి ఎప్పుడూ చెమ్మగా ఉండాలి.

బచ్చలి కాడకు ఈ సేవలేవీ అక్కర్లేదు. ఆరంగుళాల ముక్క, రెండు కణుపులు మట్టిలో, రెండు పైన. పది రోజులకు కొత్త చిగురు. గంగవాయిలి, అదే పాయల కూర, కోసిన కాడను ఒక పూట నీడలో వాడనిచ్చి గుచ్చితే వారంలో పట్టుకుంటుంది. దాన్ని చంపేది అతిగా పోసే నీళ్ళే. పొన్నగంటి ఎక్కడ తడి ఉంటే అక్కడ బతుకుతుంది.

నీళ్ళు పొద్దున 7 లోపు పోయాలి. డాబా మీద ట్యాంకు నుంచి వచ్చే పైపులో నిలిచిన నీళ్ళు మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంత కాగుతాయి, అవి తగిలితే వేళ్ళు ఉడికిపోతాయి. ముందు ఒక బకెట్ వదిలేశాకే మొక్కకు పట్టాలి. మధ్యాహ్నం ఆకులు వాలితే వెంటనే నీళ్ళు పోయకుండా సాయంత్రం దాకా చూడండి. పొద్దు దిగాక అవే లేచాయంటే అది వేడికి చేసిన సర్దుబాటు. లేవకపోతే వేలు రెండంగుళాలు మట్టిలోకి దించాలి. పొడిగా తగిలితే నీళ్ళు కావాలి, బురదగా తగిలితే వేరు కుళ్ళింది. బియ్యం కడుగు అదే రోజు పోయాలి, పులిస్తే ఈగలు ముసురుతాయి. ఇది ఆవకాయ కాలం కూడా కాబట్టి ఒక మాట: ఊరగాయ కలిపిన పళ్ళాలు కడిగిన నీళ్ళు కుండీలో పోయకండి. ఆ ఉప్పు మట్టిలో పేరుకుంటే ఆకు అంచులు కాలినట్టు మాడిపోతాయి.

మట్టి మీద రెండంగుళాల మందాన ఎండుటాకులు పరిస్తే నీళ్ళ ఖర్చు బాగా తగ్గుతుంది. పడమటి వైపున, మొక్కలకు రెండడుగుల ఎత్తున, లేతరంగు పాత నూలు చీర ఒక పొర తాళ్ళకు కట్టండి. ముదురురంగు వద్దు. రెండు మడతలు వేస్తే చీకటై మొక్కలు సాగిపోతాయి. ఈదురుగాలి వచ్చే సాయంత్రాల్లో ఒక వైపు ముడి ఊడదీసి ఉంచాలి, లేకపోతే చీర కర్రల్ని, కుండీల్ని కూడా లాక్కుపోతుంది.

ఎండాకాలపు పురుగులు మూడు. ఆకు కింద పచ్చగా, నల్లగా గుంపు కట్టే పేనుబంకను నీళ్ళ ధారతో కొట్టేస్తే చాలావరకు పోతుంది. దూదిపింజల్లా ఉండే పిండినల్లిని తడిగుడ్డతో తుడిచేయాలి. ఆకు మీద సన్నటి తెల్లచుక్కలు, కింద సాలెగూడు లాంటి పోగులు కనిపిస్తే ఎర్రనల్లి, అది పొడి వేడికి వస్తుంది, ఆకు అడుగుభాగం రోజూ తడిపితే తగ్గుతుంది. అప్పటికీ తగ్గకపోతే లీటరు నీళ్ళకు 5 మి.లీ. వేపనూనె. నూనె నేరుగా నీళ్ళలో కలవదు, పైన తేలి పడినచోట ఆకును కాల్చేస్తుంది. ముందు ఒక గరిటెడు గోరువెచ్చని నీళ్ళలో అర టీస్పూను సబ్బునీళ్ళు, అందులో నూనె వేసి పాలలా తెల్లబడేదాకా గిలక్కొట్టి, ఆ తర్వాతే లీటరుకు పెంచాలి. పొద్దు వాలాకే కొట్టాలి. ఆ తర్వాత వారం పాటు ఆ ఆకు కోయకుండా ఉంటే చేదు తగలదు.

అందరూ ఇంట్లోనే ఉంటే కంపోస్టుకు కావలసిన కూరగాయల తొక్కలకు లోటు ఉండదు. రంధ్రాలు చేసిన బకెట్‌లో ఒక పాలు తడి చెత్తకు రెండు పాళ్ళు ఎండుటాకులో, చింపిన కాగితమో, పైన పిడికెడు పాత మట్టి, మొదట్లో ఒక గ్లాసు పుల్ల మజ్జిగ. నాలుగు రోజులకోసారి కలపాలి. కంపు కొడితే తడి ఎక్కువైంది, ఎండుటాకులు వేయండి. చీమలు పడితే మరీ ఎండింది, నీళ్ళు చిలకరించండి. తెల్లపురుగులు కనిపిస్తే భయపడొద్దు, అవి చెత్తను తినేవే గానీ మొక్కను తినేవి కాదు. మామిడి టెంకలు ఏరి వేరే వేయాలి, ఏడాదైనా కరగవు. రెండు నెలలకు మట్టివాసన వస్తే తయారైనట్టు. అంటే ఈరోజు మొదలుపెట్టిన బకెట్ మృగశిర దాటాక వేసే బెండ, గోరుచిక్కుడు, బొబ్బర్లకు అందుతుంది. వంగ నారు కూడా అప్పుడే.

మధ్యాహ్నం డాబా ఎక్కలేం. అప్పటికి బొంత. చలికాలంలో బొంత కప్పుకున్నవారికి కొత్తగా చెప్పక్కర్లేదు గానీ, కుట్టడం తెలిసినవారు ప్రతి ఇంట్లో తగ్గిపోతున్నారు. ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో ఉంటే వాళ్ళ చేత మొదటి వరస కుట్టించండి, చెయ్యి కదిపే తీరు చూస్తే సగం వచ్చేసినట్టే.

చీర 5.5 మీటర్లు, అంటే 18 అడుగులు. మూడు మడతలు వేస్తే 6 అడుగుల పొడవు, నాలుగడుగులకు కాస్త తక్కువ వెడల్పు. ఒక మనిషి బొంతకు కొలిచినట్టు సరిపోతుంది. రెండు చీరలతో ఆరు పొరలు వస్తాయి, మన చలికి అది చాలు. మూడు చీరలు వేస్తే తొమ్మిది పొరల్లోంచి సూది దిగక వేళ్ళు పుండ్లవుతాయి, ఉతికాక ఎత్తలేం, వానాకాలంలో ఆరదు. పూర్తి నూలు చీరలే తీసుకోవాలి. పాలిస్టరు కలిస్తే పొరలు జారతాయి, చెమట పీల్చవు. ఫాల్ విప్పి, జరీ అంచు కోసేసి, గంజి పోయేలా గోరువెచ్చని నీళ్ళలో ఒక పూట నానబెట్టి ఉతకాలి. గంజి మిగిలితే బీరువాలో వెండిపురుగులు కొరికేస్తాయి. కుచ్చిళ్ళ కింద మడమ తగిలే అంచు ముందుగా చివుకుతుంది, ఆ భాగం లోపలి పొరల్లోకి పోయేలా మడవాలి.

బాగున్న చీర పైకి. దాన్ని మూడు మడతలు వేసి, పై మడతను పుస్తకంలా తెరిచి, రెండో చీర మడతను అందులో పరిచి, మళ్ళీ కప్పేయాలి. లోపలిది నాలుగు వైపులా అంగుళం లోపలికే ఉండాలి, అప్పుడే పై చీర అంచు మడిచి మూయడానికి వీలు. తుడిచిన నేల మీద పరిచి ఇద్దరు ఎదురెదురుగా మూలలు పట్టి లాగాలి. తర్వాత నడుమ నుంచి అంచుకు అరచేత్తో సర్దాలి. అప్పుడు నాలుగంగుళాలకొక కచ్చా కుట్టు (పొరలు కదలకుండా తాత్కాలికంగా వేసే కుట్టు), అడ్డంగా ఒక వరస, నిలువుగా ఒక వరస, నడుమ నుంచి మొదలుపెట్టి బయటికి. అంచు నుంచి మొదలుపెడితే వదులంతా మధ్యకు చేరి ఉబ్బుతుంది, దాన్ని తర్వాత ఏ కుట్టూ అణచలేదు.

అసలు కుట్టుకు పెద్ద కన్నున్న పొడుగు సూది, నూలు దారం రెండు పేటలు. పోగు చెయ్యి చాచినంత పొడవే తీసుకోవాలి, ఎక్కువ తీస్తే చిక్కులు పడుతుంది. కొవ్వొత్తి మీద ఒకసారి లాగితే నునుపవుతుంది. అర అంగుళం కుట్టు, వరసకూ వరసకూ అంగుళంన్నర ఎడం. ఆ లెక్కన 30 వరసలు, ఒక్కో వరస 6 అడుగులు. పొరల్లో దిగిపోయేదీ, రెండు పేటలూ కలిపితే 130 మీటర్ల పైచిలుకు దారం పడుతుంది, 150 మీటర్లు దగ్గర పెట్టుకుంటే మధ్యలో ఆగదు. దారం లాగి బిగిస్తే గుడ్డ ముడతలు పడుతుంది, మొదటి ఉతుకుకే తెగుతుంది. ప్రతి వరస చివరా వేలితో నొక్కి దారాన్ని కాస్త సర్ది, అప్పుడే ముడి వేయాలి. చుట్టూ అంచుకు రెండో చీర అంచు పట్టీని మడిచి కుడితే గట్టిదనానికి గట్టిదనం, అందానికి అందం. మిషను మీదైతే 16 నంబరు సూది, కుట్టు పొడవు ఆఖరు అంకెకు పెట్టి, నాలుగు మూలల్లో మాత్రం చక్రం చేత్తోనే తిప్పాలి.

చిరిగిన మరో చీరలో గట్టిగా ఉన్న చోట్లు మాస్కులకు. గుడ్డను దీపానికి ఎదురుగా పట్టాలి, దీపం ఆకారం స్పష్టంగా కనిపిస్తే ఆ చోటు పనికిరాదు. 9 అంగుళాల పొడవు, 7 అంగుళాల వెడల్పు ముక్కలు మూడు, కోసే ముందే వేడినీళ్ళలో ఉతికి ఆరబెట్టినవై ఉండాలి, లేకపోతే కుట్టాక కుంచించుకుని గడ్డం కిందికి అందదు. మూడు మడతలూ కిందికి చూసేలా పెట్టాలి. 2021లో బయటికి వెళ్ళేటప్పుడు లోపల సర్జికల్ మాస్కు, దాని పైన ఇది పెట్టుకునేవారు. వాడిన ప్రతిసారీ సబ్బుతో ఉతికి, డాబా మీద మొక్కలకు కట్టిన చీర నీడలో కాకుండా పూర్తి ఎండలో ఆరేయాలి.